బాలింత మనసుకు పరిమళం తోడు

బిడ్డ పుట్టిన ఇంట ఆనందం వెల్లివిరుస్తుంది. పసికందు చెవిలో అజాన్ పలుకుతారు, తహనీక్ చేస్తారు, ఏడవ రోజు అఖీఖా ఏర్పాట్లలో ఇల్లంతా మునిగిపోతుంది. ఈ సందడిలో బాలింత కన్నీళ్ళు ఎవరికీ కనబడవు. కనబడినా, “అల్లాహ్ ఇంత చక్కని బిడ్డనిచ్చాడు, ఇంకా ఏడుపెందుకు?” అన్న ప్రశ్నే ఎదురవుతుంది. దాంతో ఆమె దిగులుకు అపరాధభావం కూడా తోడవుతుంది.

ఈ దిగులు కృతఘ్నత కాదు. కాన్పు కాగానే శరీరంలో హార్మోన్లు ఒక్కసారిగా తగ్గిపోతాయి, నిద్ర కరువవుతుంది. మూడు నాలుగు రోజులకు కారణం తెలియని కన్నీళ్ళు, చిరాకు చాలామంది తల్లుల్లో కనిపిస్తాయి. సాధారణంగా రెండు వారాల్లో తగ్గిపోతాయి. ప్రసవ వేదనలో హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలామ్) తాను ముందే మరణించి ఉంటే బాగుండేదని వాపోయిన సంగతిని దివ్య ఖుర్ఆన్ దాచలేదు (19:23-26). ఆ మాటకు ఆమెకు మందలింపు ఎదురుకాలేదు. దుఃఖించవద్దన్న ఓదార్పు, పాదాల చెంత నీటి ఊట, తాజా ఖర్జూరాలు లభించాయి. బాలింతతో మనం ఎలా మెలగాలో తెలిపే పాఠమిది.

నిఫాస్ దినాల్లో స్త్రీకి నమాజు నుండి మినహాయింపు ఉంది. ఇది కారుణ్య ప్రభువు ఇచ్చిన సౌలభ్యం. అయితే ఐదు పూటలా నమాజుతో దినచర్యను మలచుకున్న స్త్రీకి ఈ రోజుల్లో పగలూ రాత్రీ ఒకటైపోయినట్లు, మనసు ఆసరా కోల్పోయినట్లు అనిపించవచ్చు. పరిమళం తోడ్పడగలిగేది ఇక్కడే.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) సుగంధాన్ని ఎంతో ఇష్టపడేవారు. ఎవరైనా సువాసన ఇస్తే తిరస్కరించవద్దని బోధించారు (సహీహ్ ముస్లిం). వాసనను గ్రహించే నాడులకు భావోద్వేగాలను, జ్ఞాపకాలను నడిపే మెదడు భాగాలతో దగ్గరి సంబంధం ఉంది. అందుకే ఒక పరిమళం క్షణంలో మనసును తాకుతుంది. ఇరాన్‌లో బాలింతలపై జరిగిన కొన్ని అధ్యయనాల్లో లావెండర్ పరిమళం పీల్చినవారిలో ఆందోళన, దిగులు తగ్గినట్లు తేలింది. అవి చిన్న అధ్యయనాలే. కాబట్టి పరిమళాన్ని ఊరటగానే చూడాలి, చికిత్సగా కాదు.

అజాన్ వినబడగానే ఇంట్లో ఒకరు బిడ్డను ఎత్తుకోవాలి. తల్లి ముఖం, చేతులు కడుక్కుని, చేతిరుమాలుపై ఒకటి రెండు చుక్కల గులాబీ అత్తరు గానీ లావెండర్ తైలం గానీ వేసుకుని, కాస్త దూరంగా ఉంచి మెల్లగా శ్వాస తీసుకోవాలి. జికర్, దుఆలకు నిఫాస్‌లో ఎలాంటి ఆటంకం లేదు. తిరగలి విసిరి చేతులు కాయలు కాచిన హజ్రత్ ఫాతిమా (రజి) పనిమనిషిని కోరినప్పుడు, పడుకునే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ పలకమని దైవప్రవక్త (స) నేర్పారు. అలసిన తల్లికి ఇంతకంటే తగిన జికర్ ఏముంటుంది? కొద్ది రోజుల్లో ఆ పరిమళమే మనసుకు ప్రశాంతతను గుర్తుచేయసాగుతుంది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. అత్తరును రొమ్ముపై, బిడ్డ ఒంటిపై పూయరాదు. పసికందు తల్లిని, పాలను వాసనతోనే గుర్తిస్తుంది. ఒంటికి రాసుకోవాలంటే ఒక చెంచా కొబ్బరినూనెలో ఒక్క చుక్క తైలం చాలు. తైలాన్ని లోపలికి తీసుకోకూడదు. కర్పూరం, యూకలిప్టస్, పుదీనా తైలాలు శిశువు శ్వాసకు ప్రమాదకరం, వాటిని దూరంగా ఉంచాలి. స్నానం తర్వాత తల్లీబిడ్డలకు సాంబ్రాణి పొగ వేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. మూసిన గదిలో ఆ పొగ లేత ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అత్తరు పేరిట బజారులో దొరికేవన్నీ పూల నుండి తీసినవి కావు. తలనొప్పి, దురద, ఆయాసం కలిగితే వెంటనే మానేయాలి.

అత్తరు సీసా కొనివ్వడం తేలిక. ఆ ఐదు నిమిషాలు బిడ్డను ఎత్తుకోవడమే అసలైన కానుక. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. భర్తలకు ఇది సున్నత్. అత్తమ్మలు, ఆడబిడ్డలు చేసే ఈ చిన్న సేవ పుణ్యకార్యమే.

దిగులు రెండు వారాలు దాటినా, తల్లికి బిడ్డపై మమకారం కలగకపోయినా, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోయినా వైద్యులను సంప్రదించాలి. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు, ఆమెను ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా అందుబాటులో ఉంటుంది; తెలుగులోనూ మాట్లాడవచ్చు. వ్యాధికి వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆదేశమే. మనసుకు వచ్చే వ్యాధి దానికి మినహాయింపు కాదు.