పొలం చూడ్డానికి ఏ నెలలో రావాలి? రాజమండ్రి చుట్టుపక్కల ఒక్కరోజు ప్రయాణాలు

పై వీడియోలో మా ఊడ్పులు చూసి చాలామంది అడుగుతున్నది ఒకటే: "ఆదివారం పిల్లల్ని తీసుకుని మీ పొలానికి రావచ్చా?" తప్పకుండా రావచ్చు. కాకపోతే మీ సెలవుతో పాటు పొలంలో ఏ పని నడుస్తోందో కూడా చూసుకుని రావాలి. ఎందుకో చెబుతాను.

పోయినేడాది జూన్ నెలాఖరున మూడు కార్లలో బంధువులూ, వాళ్ళ స్నేహితులూ వచ్చారు. నేను మకాం దగ్గర జీవామృతం కలుపుతూ ఉండిపోయాను. పచ్చగా ఉంది కదా అని పిల్లలు నారుమడిలోకి దిగి ఆడుకున్నారు. పాపం, వాళ్ళు గడ్డి అనుకున్నారు. అది బహురూపి నారు. ఆ విత్తనం నా దగ్గర ఉన్నదే అంత. తొక్కిన చోట నారు మళ్ళీ లేవలేదు. చివరికి అర ఎకరానికి వేరే రకం నారు కొనుక్కొచ్చి ఊడ్పించాను. తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

జూన్ నుంచి ఆగస్టు: కాలువలకి నీళ్ళు వదిలాక సార్వా నారుమళ్ళు పోస్తాం, జులైలో ఊడ్పులు. పిల్లలకి బురదలో దిగి నాలుగు మొక్కలు నాటే సరదా కావాలంటే ఇదే టైము. దమ్ము చేసిన మడిలో, ఊడ్చేవాళ్ళు చూపించిన చోటే దిగాలి. అదే రోజు ధవళేశ్వరం కూడా చూడండి. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత కట్టింది. అక్కడి కాటన్ మ్యూజియం చూసి పొలానికి వస్తే, మా బోదెలో పారే నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయో పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: పంట కాలువలో స్నానాలకి దిగొద్దు. పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ లోపల లాగేస్తుంది. వరద రోజుల్లో గోదావరి సంగతి చెప్పనే అక్కర్లేదు.

కార్తీక మాసం: ఉసిరి చెట్టు కింద వనభోజనాలకి అందరూ వచ్చేది ఇప్పుడే. మాకు కోతలు దగ్గరపడేదీ ఇప్పుడే, తుపాన్లు వచ్చేదీ ఇప్పుడే. 1996 నవంబరు 6 తుపానుని కోనసీమలో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. దేశవాళీ రకాలు ఎత్తుగా పెరుగుతాయి, గాలివానకి తొందరగా పడిపోతాయి. వాయుగుండం అని వినబడితే రాత్రికి రాత్రే మాసూళ్ళ పనిలో పడతాం. అలాంటప్పుడు "ఈ వారం వద్దండీ" అంటే ఏమీ అనుకోకండి.

డిసెంబరు, జనవరి: ఎండ బాధ ఉండదు. పొద్దున్నే కడియం, కడియపులంక నర్సరీల్లో బంతి, చామంతి, గులాబీలు చూసుకుని, మధ్యాహ్నం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళొచ్చు. అక్కడి పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జారుతో రేకు తీయడం దగ్గరుండి చూడండి. పొలంలో ఈ రోజుల్లో దాళ్వా పనులు మొదలవుతాయి.

ఏప్రిల్, మే: దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పొలం ఎండిపోయి ఉంటుంది, చూడ్డానికేముంది అనుకుంటారు. గట్ల మీద తాటి ముంజలు, కొత్తపల్లి కొబ్బరి మామిడి ఉన్నాయి కదండీ! మేము సార్వాకి ముందు నవధాన్యాలు చల్లేది కూడా అప్పుడే.

ఏ నెలలో వచ్చినా జీవామృతం కలపడం చూపిస్తాం. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ కర్రతో తిప్పాలి. ముక్కు మూసుకుంటారు గానీ కర్ర మాత్రం వదలరు మన పిల్లలు!

ఇక డబ్బుల సంగతి. అడగడానికి మొదట్లో మొహమాటపడ్డాను. కానీ మీకు పొలం తిప్పి చూపిస్తే నాకు ఒక పూట పని పోతుంది, ఇంట్లో ఆడవాళ్ళకి వంట పని పెరుగుతుంది. అందుకే భోజనంతో కలిపి మనిషికి 300 రూపాయలు తీసుకుంటున్నాం. వేరే రైతు దగ్గరికి వెళ్ళినా ఎంతివ్వాలో ముందే అడగండి, ఊరికే వచ్చేయకండి. అన్నిటికంటే మేలు, వెళ్ళేటప్పుడు బియ్యం కొనుక్కెళ్ళడం. మందులు లేకుండా పండించిన ధాన్యమని మిల్లులో మాకు రూపాయి ఎక్కువ రాదు. పోయినేడాది మా బియ్యంలో సగం పైగా పొలం చూసి వెళ్ళినవాళ్ళే కొన్నారు. ఆ రెండెకరాలు మళ్ళీ మందుల సేద్యంలోకి పోకుండా నిలబడింది వాళ్ళ వల్లే.

వచ్చేముందు గుర్తుపెట్టుకోండి:
- రెండు రోజుల ముందు ఫోన్ చేయండి.
- గట్టు మీదే నడవండి, గడ్డిలో చూసి అడుగేయండి, పాములు తిరుగుతాయి.
- పిల్లల్ని కాలువ దగ్గర ఒంటరిగా వదలొద్దు.
- ప్లాస్టిక్ కవర్లు, సీసాలు తిరిగి మీతోనే తీసుకెళ్ళండి. బోదెలో పడితే తూము దగ్గర అడ్డుపడి కింద మడికి నీళ్ళు అందవు.

వచ్చే వీడియోలో నారుమడి పోయడం మొదటి నుంచి చూపిస్తాను. అది చూసి వస్తే ఏది గడ్డో, ఏది నారో మీ పిల్లలే మీకు చెబుతారు. ఉంటానండీ.