కార్తెలో కనబడని చుక్క

మన సంఘములలో అశ్వని మొదలు రేవతి వరకు 27 కార్తెల పేర్లను వరుస తప్పక చెప్పలేని సేద్యగాడు అరుదు. కాని ఆ పేర్లుగల చుక్కలలో నాలుగింటినైనను ఆకాశమున చూపుడని యడిగినచో పెక్కురు నవ్వి యూరకుందురు. ఒక వేసవిని, ఒక గ్రామమున సంఘ సభ్యుల సమావేశము ముగిసినపిమ్మట అరుగుమీద కూర్చుండి మాటలాడుకొనుచుండగా, ఒక వృద్ధరైతు నన్ను చూచి, "అయ్యగారూ, ఇది రోహిణి కార్తె గదా, ఆ రోహిణి చుక్క యేదో కొంచెము చూపుడు" అని యడిగెను. మబ్బు లేదు, వెన్నెల లేదు. అయినను నేను చూపలేకపోతిని. ఆ చుక్క ఆ రాత్రి ఆకాశమున లేదు. రోహిణి కార్తెలో రోహిణి ఎన్నడును కనబడదు.

దీనికి కారణము కార్తె యను మాటయందే యున్నది. సూర్యుడు ఏ నక్షత్రముతో కూడియుండునో ఆ కాలమునకు ఆ నక్షత్రము పేరు పెట్టినారు. సూర్యునితో ఉదయించి సూర్యునితో అస్తమించు చుక్క మనకెట్లు కనబడును? పెట్రోమాక్సు దీపము ప్రక్కనున్న మిణుగురు కనబడునా? ఒక్కొక్క నక్షత్రమునొద్ద సూర్యుడు 13 లేక 14 దినములుండును. అదియే కార్తె.

నెలల పేర్లు ఇందుకు విరుద్ధముగా వచ్చినవి. పున్నమినాటి చంద్రుడు ఏ నక్షత్రము దాపున నుండునో ఆ పేరు నెలకు వచ్చినది. పున్నమినాడు చంద్రుడు సూర్యునకు సరిగా ఎదుట నుండును గనుక, మే నెలలో వచ్చు కృత్తిక కార్తెకును, అక్టోబరు నవంబరులలో వచ్చు కార్తిక మాసమునకును ఇంచుమించు ఆరు నెలల యెడము. చుక్కను చూడగోరువాడు కార్తెను నమ్మరాదు, నెలను నమ్మవలెను.

ఇంకొక్క లెక్క తెలిసిన చాలును. ప్రతి చుక్కయు దినమునకు 4 నిమిషములు ముందుగా పొడుచును. నెలకు 2 గంటలగును. నేడు అర్ధరాత్రి పొడిచిన చుక్క మూడు నెలలకు మునిమాపువేళ పొడుచును. చేయి చాచి పట్టిన పిడికిలి ఆకాశమున సుమారు 10 డిగ్రీలను కప్పును. గుంటూరున ధ్రువుడు ఉత్తరదిక్కున నేలకు 16 డిగ్రీల యెత్తున, అనగా పిడికిలిన్నర యెత్తున నుండును. విశాఖపట్టణమున కొంచె మెక్కువ, అనంతపురమున కొంచెము తక్కువ. చీకటిలోనికి వచ్చిన తరువాత కన్ను కుదురుటకు 20 నిమిషములు పట్టును. టార్చిలైటు తప్పక తీసికొనిపొండు, పురుగుపుట్ర భయము చుక్కలను చూచువానికిని తప్పదు. కాని దానిపై ఎఱ్ఱకాగితము చుట్టినచో కన్ను చెదరదు.

ఆకాశపు ఏడాదిని చైత్రముతో గాక, మబ్బులు విడిపోవు స్వాతి విశాఖ కార్తెలతో ఆరంభించుట మనకు మేలు. కార్తికమున ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికి తూర్పున చిన్నచుక్కల గుంపొకటి కనబడును. అవియే కృత్తికలు. కోడి పిల్లలను చుట్టును చేర్చుకొన్నట్లుండుటచే కొన్ని చోట్ల పిల్లలకోడి యందురు. సామాన్యముగా ఆరు కనబడును, మంచి కన్ను ఏడవదానిని గూడ పట్టును. వాని వెనుకనే కొంచెము ఎఱ్ఱగా వెలుగుచు వచ్చునది, ఆ వృద్ధరైతు అడిగిన రోహిణి. నవంబరు 17 ప్రాంతమున తెల్లవారుజామున మఖ నక్షత్రమున్న సింహరాశి వైపునుండి ఉల్కలు రాలును. ఇవి 33 ఏండ్ల కొకతూరి సూర్యుని చుట్టివచ్చు తోకచుక్క విడిచిన ధూళి. సాధారణముగా కొలదిగానే రాలును. 2001లో మాత్రము కొన్ని దేశములలో వానవలె రాలినవి.

ఏడాదిలో మేలైన రాత్రులు డిసెంబరువి. వరి కోతలై, కుప్పలు పడి, కళ్ళములో కావలి పరుండు దినములవి. అప్పుడు మునిమాపువేళ తూర్పున ఒకే వరుసలో మూడు చుక్కలు నిలువుగా లేచును. వానికి ఎడమప్రక్క ఎఱ్ఱని పెద్దచుక్క ఆరుద్ర. జూన్ 22 ప్రాంతమున ప్రవేశించు ఆరుద్ర కార్తెలో నారు పోయుచు మనము తలచుకొను ఆరుద్ర ఇదియే. నారు పోసినపుడు కనబడక, పంట నూర్చునపుడు వచ్చి రాత్రియంతయు కళ్ళముపై నిలుచును. ఆరుద్రకును రోహిణికిని నడుమ మూడు సన్నచుక్కల చిన్నగుంపు మృగశిర. ఆరుద్ర తరువాత లేచు జంటచుక్కలు పునర్వసు. డిసెంబరు 13, 14 రాత్రులలో ఈ జంట దాపునుండి ఉల్కలు నలుదెసలకును పరుగెత్తును. వెన్నెల లేని ఏడు, దీపములకు దూరమగు పొలమున గంటకు నూరు వరకు లెక్కింపవచ్చును. వీనికి మూలమైన చిన్నగ్రహమును 1983లో కనుగొనిరి. పట్టణవాసులు దీనికై కారులెక్కి ఊరిబయటకు పోవుచున్నారు; కళ్ళపు కావలివానికి గొంగడి చాలును.

ఫిబ్రవరిలో రాత్రి 9 గంటలకు దక్షిణమున రెండు పిడికిళ్ల యెత్తున వెలుగునది అగస్త్యుడు. దానికి చాల యెత్తున, ఆకాశమునందలి చుక్కలన్నిటిలో మిక్కిలి ప్రకాశము గలది లుబ్ధకుడు. లండను నగరమునుండి అగస్త్యుని చూడరాదు. మన పల్లెకు గల భాగ్యములలో నిదియొకటి.

చైత్రవైశాఖములలో ఉత్తరమున సప్తర్షులు బాగుగ పైకి వచ్చియుందురు. తోకయందలి మూడు చుక్కలలో నడిమిది వసిష్ఠుడు, దానినంటియున్న సన్నచుక్క అరుంధతి. పెండ్లిలో పట్టపగలు చూపిన అరుంధతిని చూడనివారు ఇప్పుడు నిజముగా చూడవచ్చును. ఆ తోక వంపునే పట్టుకొని ముందుకు సాగినచో పసుపువన్నె స్వాతి, ఇంకను సాగినచో తెల్లని చిత్త కనబడును. చైత్రపున్నమినాడు చంద్రుడు చిత్త దాపుననే యుండును.

మే నెల చివర, రోళ్లు పగులు రోహిణి కార్తెలో, ప్రొద్దుక్రుంకగానే ఆగ్నేయమున లేచు ఎఱ్ఱచుక్క జ్యేష్ఠ. ఆ రాత్రి అరుగుమీద నేను రోహిణికి మారుగా చూపినది దీనినే. అర్ధరాత్రమునకు వృశ్చికము తోకతోగూడ పైకి వచ్చును. ఆ తోకయే మూల. అక్కడ పాలపుంత మిక్కిలి దట్టము. మనమున్న నక్షత్రమండలము నడిబొడ్డు ఆ దిక్కుననే యున్నది, అక్కడి వెలుగు మనలను చేరుటకు సుమారు 26,000 ఏండ్లు పట్టును.

ఇక మృగశిర మొదలు హస్త వరకు మబ్బుల కాలము. ఆగస్టులో తెల్లవారుజామున మబ్బు విడిచిన దినమున అగస్త్యుడు ఆగ్నేయమున తిరిగి పొడచూపును. అంతకుమించి చెప్పదగినది లేదు. కాని రైతు కార్తెలను ఎక్కువగా లెక్కించునది ఈ నెలలలోనే, నేను ముఖ్యముగా చెప్పదలచినదియు ఇక్కడనే.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక మెట్టగ్రామమున మృగశిర ప్రవేశించిన రెండవనాడు ఒక వాన కురిసినది. కార్తె వచ్చినది, వాన వచ్చినది, విత్తుడని నేనే చెప్పితిని. సంఘము అప్పుగా నిచ్చిన వేరుసెనగ విత్తనమును పలువురు విత్తిరి. తడి రెండంగుళముల క్రిందికి దిగలేదు. పిమ్మట రెండు వారములు చినుకు లేదు. మొలక మాడినది. మరల విత్తనము కొనవలసివచ్చినది, అప్పు రెండింతలైనది. ఆ యేటి సంఘపు పుస్తకములో ఆ బాకీల వరుస చూచినపుడు నాకు తల యెత్తబుద్ధి కాలేదు. ఒక్క రైతు మాత్రము విత్తలేదు. ఆయన పలుగుతో జానెడు లోతు త్రవ్వి, అడుగుమట్టిని పిడికిట బట్టి నొక్కి, అది ముద్ద కట్టకపోవుటచే ఇంటికి పోయెను.

కార్తె తిథివంటి కొలతయే గాని వానకు హామీపత్రము కాదు. ఆ కొలతయు ఋతువులతో నిలకడగా లేదు. భూమి తన యిరుసును మెల్లమెల్లగా త్రిప్పుకొనుటచే సుమారు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున కార్తెలు ఋతువులకు వెనుకబడుచున్నవి. ఆరవ శతాబ్దమునందలి వరాహమిహిరుని కాలమున మకర సంక్రమణమును, సూర్యుడు ఉత్తరమునకు మరలుటయు ఇంచుమించు ఒకటిగా నుండెను. నేడు సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలలోనే మరలుచున్నాడు, సంక్రాంతి జనవరి 14, 15 తేదీలకు వచ్చుచున్నది. ఆ లెక్కనే, నాటి ఆరుద్ర ఋతువునుబట్టి నేటి రోహిణి కార్తె నడుమ పడియుండెను. తాతల సామెతలలో అనుభవము కలదు, కాదనను. కాని మెట్టపైరునకు నేలనుబట్టి 50 మొదలు 75 మిల్లీమీటర్ల వాన కురిసి, తడి లోతుకు దిగినదో లేదో పలుగు చెప్పును, పంచాంగము చెప్పదు. విత్తనపు అప్పు వ్రాయునపుడు సంఘ కార్యదర్శులు ఈ ప్రశ్న అడిగిన తప్పులేదు.

గ్రహణముల గూర్చి కొందరడిగిరి. 2025 సెప్టెంబరు 7న రాత్రి 11 గంటలనుండి 12 గంటల 22 నిమిషముల వరకు మన దేశమున సంపూర్ణ చంద్రగ్రహణమైనది. గ్రహణము పట్టిన రాత్రి నీరు కట్టిన చేను చెడినట్లు నా యెరుకలో లేదు. చంద్రగ్రహణమును వట్టికంటితో చూడవచ్చును. సూర్యగ్రహణమును మాత్రము చూడరాదు. 2028 డిసెంబరు 31 రాత్రి సుమారు 9 గంటల 46 నిమిషములనుండి 10 గంటల 57 నిమిషముల వరకు మరియొక సంపూర్ణ చంద్రగ్రహణము మన ప్రాంతమున కనబడును. అప్పటికి చంద్రుడు ఆకాశమున బాగుగ పైకి వచ్చియుండును. రాగివన్నె తిరిగిన చంద్రునకు నైరుతి ప్రక్క, రెండు పిడికిళ్ల దూరమున నుండు ఎఱ్ఱచుక్క ఆరుద్ర.