చిన్న విమానము నేలకు దిగుట

అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రములో కాలమజూ అను పట్టణము కలదు. అచ్చటి వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులలో ఒకరికి చిన్న విమానములు కట్టుటయందును, మరియొకరికి రేడియోయందును మక్కువ. ఆ రెండు మక్కువలు కలిసి 1937లో 'గఫ్' అను నమూనా విమానమైనది. దాని రెక్కల పొడవు ఈ కొననుండి ఆ కొనకు సుమారు ఎనిమిదడుగులు. మనుష్యుడెక్కని ఆ విమానమును సోదరులు నేలమీద నిలిచియే రేడియో తరంగములతో నడపిరి. 1960లో దానిని స్మిత్సోనియన్ సంస్థకు సమర్పించిరి.

ఇట్టి విమానములను నేడు విద్యార్థులును కట్టుచున్నారు. మిక్కిలి తేలికయైన బాల్సా కొయ్యను సన్నగా కోసి, అంటించి, పైన పలుచని పొర కప్పుదురు. చేతిలోని పెట్టెపైనున్న పుల్లను కదిపినచో, ఆ ఆజ్ఞను విమానములోని రేడియో అందుకొనును. లోపలి చిన్న మోటార్లు తోకపలకలను త్రిప్పును.

ఎగురవేయుటకంటె దించుట కష్టము. నెలల తరబడి చేసిన పని ఒక్క క్షణములో తునకలగుట తరచుగా నేల తాకునప్పుడే. కాళ్ళు గట్టిగా నుండవలెనని పలువురు తలంతురు. నిజమునకు అవి లొంగవలెను. రెండు కిలోగ్రాముల విమానమొకటి 20 సెంటీమీటర్ల ఎత్తునుండి పడినదనుకొనుడు. కాళ్ళు బిరుసుగానుండి ఒక్క సెంటీమీటరు మాత్రమే లొంగినచో, పడిన వేగమంతయు ఆ కొద్ది దూరములోనే అణగవలెను. అప్పుడు వానిపై సగటున 42 కిలోగ్రాముల బరువు మోపినంత ఒత్తిడి కలుగును. అయిదు సెంటీమీటర్లు లొంగినచో అది పది కిలోగ్రాములే!

కావున బిరుసు కాళ్ళను తీసివేసి, స్ప్రింగువలె సాగు ఉక్కుతీగతో కాళ్ళు వంచి అమర్చుదురు. తీగను పైభాగమున ఒక చుట్టు చుట్టినచో అది మరింత లొంగును. ఆ కాళ్ళను బాల్సాకు కాక, లోపల అంటించిన గట్టి చెక్కపలకకు బిగింపవలెను. కొందరు నైలాన్ బోల్టులు వాడుదురు. దెబ్బ మితిమీరినచో బోల్టు తెగి కాలు ఊడిపోవును. విమానపు ఒడలు నిలుచును. బోల్టు వెల కొద్దిపాటిది గదా! అయితే మరీ మెత్తని కాలు విమానమును బంతివలె పైకెగురవేయును. పెద్ద విమానముల కాళ్ళలో నూనెయు, గాలియు నింపి ఈ దోషమును అణచుదురు.

చక్రముల చోటును ముఖ్యమే. తోకక్రింద చిన్న చక్రమున్న విమానమునకు ముందరి రెండు చక్రములు గరిమనాభికి కొంచెము ముందుండవలెను. వెనుకకు జరిగినచో ముక్కు నేలను పొడుచును. మరీ ముందుకు జరిగినచో పరుగెత్తునపుడు ప్రక్కకు తిరిగిపోవును. ముక్కుక్రింద చక్రమున్నచో, పెద్ద చక్రములు రెండును గరిమనాభికి కొంచెము వెనుకనుండవలెను. పచ్చికబయలులో చిన్న చక్రములు చిక్కుకొనును. పెద్దవి దొర్లును గాని బరువు పెరుగును. బరువు పెరిగినకొలది దిగు వేగమును పెరుగును.

కాళ్ళు మార్చిన పిదప గరిమనాభిని మరల సరిచూడవలెను. ఆపై విమానమును జానెడెత్తు లేపి పచ్చికపై వదలి, ఒడలిలో ఎచ్చటనైన బీట పడినదేమో పరీక్షింపవలెను. చదును నేలపై మెల్లగా నెట్టినపుడు అది తిన్నగా పోవలెను. అట్లు పోయిన పిమ్మటనే ఇంజనునకు పని చెప్పవలెను.