కథ కంచికి చేరని చిత్రం

“కథ కంచికి, మనం ఇంటికి” అన్న ముక్తాయింపుకు అలవాటుపడిన శ్రోతను కథ నడుమనే లేపి పంపితే అలుక సహజం. కాథ్రిన్ బిగెలో దర్శకత్వంలో 2025లో వెలువడిన ‘ఎ హౌస్ ఆఫ్ డైనమైట్’ అనే అమెరికన్ చిత్రం విషయంలో జరిగినది ఇదే. సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శింపబడి, అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇళ్లకు చేరిన ఈ చిత్రాన్ని ఊపిరి బిగబట్టి చూసిన వారిలో అనేకులు చివరకు ఉసూరుమని లేచారు.

ఇతివృత్తం చిన్నది. పసిఫిక్ మహాసముద్రం మీదుగా ఒక క్షిపణి షికాగో నగరం వైపు వస్తున్నది. ప్రయోగించినదెవరో తెలియదు. అది చేరడానికి ఇరవై నిమిషాల వ్యవధి అయినా లేదు. ఆ స్వల్పకాలాన్నే రచయిత నోవా ఓపెన్‌హైమ్ మూడు పర్యాయాలు చూపించాడు: ఒకసారి శ్వేతసౌధపు సిచ్యుయేషన్ రూము నుండి, ఒకసారి సేనానుల పక్షం నుండి, చివరకు అధ్యక్షుని పక్షం నుండి. క్షిపణి పేలినదా, అధ్యక్షుడు ప్రతిదాడికి ఆజ్ఞ ఇచ్చినాడా అన్నవి తేలకుండానే తెర పడుతుంది.

మూడుసార్లు నిచ్చెన ఎక్కించి, మూడుసార్లూ పైమెట్టు లాగివేశారన్నది ప్రేక్షకుల ఫిర్యాదు. మూడవ ఆవృత్తిలో బిగువు సడలిన మాట నిజమే. కాని ముగింపును గురించిన ఆగ్రహంతో నేను ఏకీభవించలేను. 1983 నవంబరు 20న అమెరికన్ టెలివిజన్‌లో సుమారు పది కోట్ల మంది చూసిన ‘ది డే ఆఫ్టర్’ చిత్రం పేలుడునూ, తదనంతర వినాశాన్నీ చూపింది. ముందుగానే దానిని చూసిన అధ్యక్షుడు రీగన్ తన మనసు క్రుంగినదని దినచర్యలో వ్రాసుకున్నాడు. బిగెలో చిత్రానికి వినాశంతో పని లేదు. నిర్ణయించవలసినవారికి ఎంత తెలుసునో, ప్రేక్షకునికీ అంతే తెలియాలన్నది దాని నియమం.

ప్రభుత్వ పక్షం నుండి వచ్చిన స్పందన వేరు. చిత్రంలో అలాస్కా నుండి ప్రయోగించిన రెండు నిరోధక క్షిపణులూ విఫలమవుతాయి. వాటి విజయావకాశం 61 శాతమేనని ఒక పాత్ర చెబుతుంది. అమెరికా క్షిపణి రక్షణ సంస్థ దీనిని ఆక్షేపిస్తూ, దశాబ్దానికి పైగా తమ పరీక్షలన్నీ నూటికి నూరుపాళ్లు సఫలమైనవని అంతర్గత పత్రంలో పేర్కొన్నది. రెండు లెక్కలూ అబద్ధం కావు. 1999 నుండి గణిస్తే విజయాలు సగం కంటె కొంచెమే ఎక్కువ. 2014 నుండి మాత్రమే గణిస్తే అన్నీ విజయాలే. అయితే ఆ పరీక్షలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. పైగా అవి ముందుగా ఏర్పాటు చేసుకున్న పరీక్షలు. శత్రువు ముహూర్తం చెప్పి రాడు.

అన్నిటికంటె విలువైన ఆక్షేపణ మరొకటి కలదు. ఒకే ఒక క్షిపణి, అదీ ఎవరిదో తెలియనిది. దానికి నిమిషాలలో బదులివ్వవలసిన అగత్యమేమి? అమెరికాకు భూగర్భంలో మోహరించిన క్షిపణులే 400. సముద్రగర్భంలో దాగిన జలాంతర్గాములు అదనం. షికాగోపై పడే ఒక్క అస్త్రం వాటిని హరింపలేదు. మర్నాడైనా, మరుసటి వారమైనా బదులివ్వవచ్చు. ఇతర దేశాల సేనలు కదలుతున్నాయని, ఆలసిస్తే అవకాశం చేజారుతుందని చిత్రంలోని సేనాని వాదిస్తాడు. ఆ వాదంలోని తొందర చిత్రకారుల కల్పన మాత్రమే కాదు. హెచ్చరిక అందగానే ప్రయోగించేందుకు వీలుగా క్షిపణులను సిద్ధంగా ఉంచే పద్ధతి నుండి పుట్టినది. ప్రయోగించిన పిమ్మట వాటిని వెనుకకు పిలువలేరు. భారతంలో అర్జునునికి అస్త్రోపసంహారం తెలుసు, అశ్వత్థామకు తెలియదు. నేటి సేనానులందరూ ఈ విషయంలో అశ్వత్థామలే.

ఇటువంటి వేళ వేచి ఉండడం సాధ్యమేనా అని అడిగేవారికి మన ఉపఖండంలోనే ఒక నిదర్శనం కలదు. 2022 మార్చి 9న భారతదేశపు క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి, పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ సమీపంలో పడింది. అందులో పేలుడు పదార్థం లేదు. కాని వస్తున్నప్పుడు ఆ సంగతి చూసేవారికెలా తెలుస్తుంది? పాకిస్తాన్ ప్రతిదాడి చేయలేదు. మరునాడు తన అభ్యంతరాన్ని బహిరంగంగా వెల్లడించింది. సాంకేతిక లోపం వల్ల జరిగిన ప్రమాదమని భారత ప్రభుత్వం ప్రకటించినది మార్చి 11న. అనగా రెండు దినాల తరువాత.