సున్నపురాతి నేలలో కాలుష్యం దారి

బిలాస్‌పూర్‌లో హౌరా వైపు వెళ్ళే రైలెక్కితే కాసేపటికే అకల్తరా వస్తుంది. ఆ చుట్టుపక్కల సున్నపురాయి క్వారీలు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో చాలాచోట్ల నేల అడుగున ఈ రాయే ఉంది. మన నంద్యాల జిల్లాలోని బెలూం గుహలు కూడా సున్నపురాతిలో ఏర్పడినవే.

వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్ళను క్రమంగా కరిగించి సొరంగాలుగా మారుస్తుంది. ఇటువంటి నేలను కార్స్ట్ అంటారు.

ఇక్కడ ఒకచోట డీజిల్ ఒలికిందనుకుందాం. అది ఏ బోరుకు, ఎన్నాళ్ళకు చేరుతుంది? ఇసుక నేలలోనైతే 1856లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ ప్రకటించిన సూత్రంతో నీటి వేగాన్ని లెక్కకట్టవచ్చు. నీరు సన్నని రంధ్రాల గుండా నిదానంగా పారినప్పుడే ఆ సూత్రం వర్తిస్తుంది. సొరంగాలలో నీరు సుడులు తిరుగుతూ పరుగెడుతుంది.

1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీరు ఇంకిపోయేచోట రంగు కలిపారు. సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ ఊటలో అది దాదాపు 60 గంటలకే కనిపించింది. రోజుకు ఒక మీటరు చొప్పున పారితే దానికి దాదాపు 33 ఏళ్ళు పట్టేది!

ఈ తేడా ప్రాణాలతో ముడిపడినది. 2000 మేలో కెనడాలోని వాకర్టన్‌లో భారీ వర్షాల తర్వాత పశువుల పేడలోని బాక్టీరియా ఊరి బావిలో చేరింది. ఏడుగురు మరణించారు, సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. తర్వాత జరిపిన రంగు పరీక్షలలో, అక్కడి రాతిలో నీరు కంప్యూటర్ నమూనా అంచనా కంటే ఎన్నో రెట్లు వేగంగా కదులుతున్నట్లు తేలింది.

నమూనా తయారీలో చిక్కులు ముఖ్యంగా మూడు. మొదటిది, సొరంగాల దారి పైకి కనబడదు. పక్కపక్కనే తవ్విన రెండు బోర్లలో ఒకటి సొరంగాన్ని తాకవచ్చు, రెండోది గట్టి రాతిలోనే ఆగిపోవచ్చు. రెండవది, కాలుష్యంలో కొంత భాగం రాతి సూక్ష్మరంధ్రాలలోకి చేరి, ఏళ్ళ తరబడి మెల్లగా తిరిగి బయటికి వస్తుంది. కనుక వేగమైన సొరంగాన్నీ, నిదానమైన రాతినీ ఒకే నమూనాలో కలపాలి. మూడవది, వేసవిలో వట్టిపోయిన దారులు వానాకాలంలో నిండి ప్రవహిస్తాయి. అప్పుడు నీటి దిశ కూడా మారవచ్చు.

అందుచేత కంప్యూటర్ లెక్కను రంగు పరీక్షలతో, వానలకు ముందూ తర్వాతా చేసే నీటి పరీక్షలతో సరిచూసుకోవాలి.

ఇప్పుడు మీరు ఆలోచించండి: మే నెలలో ఒక్కసారి పరీక్షించి, ఆ బావి నీరు ఏడాదంతా సురక్షితమని చెప్పవచ్చునా?