పరభాషాధ్యయనం: అలసట లేని మార్గం

"మేష్టారూ, నాకు భాషలు అబ్బవేమోనండీ!" అని ఆ మధ్య ఒక విద్యార్థి వాపోయాడు. కోలారు ప్రాంతపు కుర్రవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, తరగతిలో ఇంగ్లీషు, స్నేహితులతో హిందీ తడుముకోకుండా మాట్లాడతాడు. ఉద్యోగానికి పనికివస్తుందని జపనీసు తరగతిలో చేరి, రోజుకు నాలుగు గంటలు పుస్తకం ముందు కూర్చుని, మూడో నెలలో చదువు మానేశాడు. నాలుగు భాషలు వచ్చినవాడు తనకు భాషలు రావని తేల్చుకోవడం విచిత్రమే. కాని బెంగళూరులో ఇతనివంటివారు చాలామందే ఉన్నారు. కన్నడం నేర్చుకునేటప్పుడు లేని అలసట జపనీసుకో జర్మనుకో ఎందుకు కలుగుతోంది? లోపం విద్యార్థిలో ఉందా, పద్ధతిలో ఉందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గిడుగువారి దారి

వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా గిడుగు వెంకట రామమూర్తిగారిని (1863–1940) మనమందరం ఎరుగుదుం. ఆయన పరభాషను నేర్చిన తీరు మాత్రం మనలో కొందరికే తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజుల్లో చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల భాష మీద ఆయన దృష్టి పడింది. సవర తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, వాచకం లేదు. రామమూర్తిగారు తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లోనే ఉంచుకుని, అతనితో మాట్లాడుతూ ఆ భాష నేర్చుకున్నారు. విన్నది రాసుకోవడం, రాసుకున్నది పలికి సరిచూసుకోవడం, మళ్ళీ వినడం: ఇదే ఆయన పాఠశాల. కొంత పట్టు చిక్కగానే సవర పిల్లలకు బడులు పెట్టి, ఆ భాషలోనే చదువు చెప్పించారు, వాచకాలు రాశారు. అంటే నేర్చుకున్నదాన్ని వెంటనే వినియోగంలో పెట్టారు. సవర భాషా వ్యాకరణం 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి.

ఈ కృషికి ఆయన చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. కొండల్లో తిరిగి మన్యపు జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. చెవితో భాష నేర్చినవాడికి ఇంతకన్న పెద్ద నష్టం ఏముంటుంది? కనుక మనం అనుసరించవలసింది ఆయన పద్ధతిని. దేహాన్ని లెక్కచేయని ఆయన శ్రమను కాదు. ఆ పద్ధతిలో మూడు అంశాలున్నాయి: భాషను ముందు చెవితో పట్టుకోవడం, తనకు బాగా వచ్చిన భాష మీదుగా చేరుకోవడం, ఫలితానికి తొందరపడకపోవడం. మన విద్యార్థి ఈ మూడింటిలోను ఎదురుదారి పట్టాడు.

చుట్టుదారి ప్రయాణం

జపనీసు పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు చదువరులను ఉద్దేశించి రాసినవి. ఇంగ్లీషులో క్రియ కర్మకు ముందు వస్తుంది. జపనీసులో చివర వస్తుంది. ఇంగ్లీషువాడికి ఇది తలకిందుల వాక్యం. మనకు అది ఇంటి వాక్యమే. "తోక్యో కర ఓసక మదె" అంటే "టోక్యో నుంచి ఒసాకా వరకు". "కర" మన "నుంచి", "మదె" మన "వరకు". రెండూ మన విభక్తుల్లాగే నామం తర్వాత చేరతాయి. "కురు తొ ఇత్త" అంటే "వస్తాను అని అన్నాడు". "తొ" అచ్చంగా మన "అని" చేసే పనే చేస్తుంది. ఇంకా ముచ్చటైన ఉదాహరణ "తబెతె మిరు". "తబెతె" అంటే "తిని", "మిరు" అంటే "చూచు". ప్రయత్నించడం అనే అర్థంలో మనం "తిని చూడు" అంటాం, కన్నడిగులు "తిందు నోడు" అంటారు, జపనీయులూ అదే మాట అంటారు. ఈ భాషలు ఒకే కుటుంబానివని దీని అర్థం కాదు. నిర్మాణంలో పోలిక ఉందని మాత్రమే.

ధ్వనుల్లోను ఇంతే. "ఒబసాన్" అంటే అత్తో పిన్నో. "ఒబాసాన్" అంటే అవ్వ. "కితె" అంటే వచ్చి. "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. హ్రస్వదీర్ఘాల భేదం, ద్విత్వం ఇంగ్లీషువాడిని ఇబ్బంది పెడతాయి. "పలు–పాలు", "గుడి–గుడ్డి" భేదాలు పలికే మన నోటికి అవి కొత్త కావు. అయినా మన విద్యార్థి ఈ మాటలను రోమను లిపిలో రాసుకుని, ఇంగ్లీషు వాక్యం కూర్చుకుని, దాన్ని తిరగేసి జపనీసులో పెడుతున్నాడు. ఇంటి ఎదుటి గుడికి ఊరంతా చుట్టి వెళ్ళినట్టు! అతని అలసటలో సగం ఈ చుట్టుదారి వల్ల వచ్చినదే. మొదటి వారాల్లో ఉచ్చారణను తెలుగు లిపిలో గుర్తు పెట్టుకుని, తర్వాత నేరుగా జపనీసు అక్షరాలకు వెళ్ళడం మేలు.

జర్మనులోనూ కొంత సాయం ఉంది. "నాకు చలిగా ఉంది" అనడానికి జర్మనులు "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. "మీర్" అంటే "నాకు". ఇక్కడ ఇంగ్లీషుకన్న తెలుగే దగ్గర. అయితే అన్నిచోట్లా ఈ సాయం అందదు. జర్మనులో బల్ల పుంలింగం, తలుపు స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం. మన మహదమహద్విభాగం ఇక్కడ అక్కరకు రాదు. అటువంటిచోట తర్కం వెదక్కుండా ప్రతి నామాన్నీ దాని ఉపపదంతో కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. ఎక్కడ పోలిక ఉందో, ఎక్కడ లేదో తెలిస్తే శ్రమ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

జ్ఞాపకం పనిచేసే తీరు

జర్మను శాస్త్రజ్ఞుడు ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షర సముదాయాలను తానే బట్టీపట్టి, తన మరపును తానే కొలిచి, 1885లో ఫలితాలు ప్రకటించాడు. నేర్చినది మొదట చాలా వేగంగాను, పోను పోను మెల్లగాను మరపున పడుతుందని ఆయన గమనించాడు. ఒకే రోజు చేసే ఆవృత్తికన్న కొన్ని రోజుల మీద పంచి చేసే ఆవృత్తి ఎక్కువ ఫలితమిస్తుందని కూడా తేల్చాడు. మన వీధిబడుల్లో పిల్లలచేత పాత ఎక్కాలను రోజూ మళ్ళీ చెప్పించడంలో ఉన్న కిటుకు ఇదే.

రెండో విషయం: మళ్ళీ చదవడం వేరు, గుర్తుచేసుకోవడం వేరు. రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు 2006లో ప్రకటించిన ప్రయోగంలో, పాఠాన్ని తిరిగి చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారే ముందున్నారు. రాత్రంతా చదివి "వచ్చేసింది" అనుకున్న మాట వారానికి జారిపోవడం ఇందువల్లనే. అది మందబుద్ధికి లక్షణం కాదు.

గడువు, భయం

అమెరికా ప్రభుత్వం తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పడానికి వేసుకున్న లెక్కలో తెలుగుకు సుమారు 1100 తరగతి గంటలు, జపనీసుకు 2200 గంటలు ఉన్నాయి. ఇవి ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి, ఉద్యోగ నిర్వహణకు చాలినంత ప్రావీణ్యం కోసం వేసిన అంచనాలు. మనకు జపనీసు అంత దూరం కాకపోవచ్చు. సగమే చాలుననుకున్నా, రోజుకు గంట చొప్పున మూడేళ్ళ పని అది. మూడు నెలల్లో రాలేదని కుంగిపోయినవాడు దారి మధ్యలోనే ఆగి, గమ్యం లేదనుకున్నాడన్నమాట.

భయం మరొక బరువు. పరభాషా తరగతిలో కలిగే ఆందోళన ఒక ప్రత్యేక విషయమని హార్విట్జ్, ఆమె సహ పరిశోధకులు 1986లో ప్రతిపాదించారు. తప్పు మాట్లాడతానని నోరు మూసుకున్నవాడికి దిద్దుకునే అవకాశమే ఉండదు. మనం కన్నడం నేర్చింది బస్సుల్లో, అంగళ్ళలో తప్పులు మాట్లాడే కదా!

ఆచరణ

విద్యార్థులు ఈ క్రమాన్ని పాటించి చూడవచ్చు. రోజుకు గంటకు మించవద్దు. దాన్ని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు భాగాలుగా పంచుకోవాలి. మొదటి భాగంలో పుస్తకం మూసి నిన్నటివి, మూడు రోజుల కిందటివి, వారం కిందటివి గుర్తుచేసుకోవాలి. రెండో భాగంలో కొత్త మాటలు, పదికి లోపు, వాక్యాల్లో నేర్చుకోవాలి. మూడో భాగంలో వినడం, పైకి పలకడం. వారంలో ఒకరోజు పూర్తిగా సెలవు. ఒళ్ళు బాగాలేని రోజు వినడం చాలు. నెలకొకసారి రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకుని, పాత నెలదానితో పోల్చుకోవాలి, పక్కవాడితో కాదు. ఇంకా కొంచెం ఆకలి ఉండగానే విస్తరి ముందునుంచి లేచినట్టు, ఆసక్తి ఉండగానే పుస్తకం మూయాలి.

తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని మన విద్యార్థులకూ ఇదే మార్గం వర్తిస్తుంది. కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు అక్షరాల్లో చాలా భాగం ముందే పరిచయం. తలకట్టు తేడా, మరికొన్ని అక్షరాల తేడా పట్టుకుంటే చాలు.

ఆ కోలారు కుర్రవాడు మళ్ళీ తరగతిలో చేరాడు. ఈసారి రోజుకు గంటే చదువుతున్నాడు. మొన్న కనిపించినప్పుడు "తబెతె మిరు, మేష్టారూ!" అంటూ చేతిలోని వేరుశెనగ పొట్లం ముందుకు చాపాడు. తిని చూశాను.