కుంగిన కారు ఎలా లేచింది?

44వ నంబరు జాతీయ రహదారిపై, ఇందల్వాయి దగ్గర, ఒక అవ్వను నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోతున్న కారును చూశాను. అందరూ ఎక్కేసరికి దాని వెనకభాగం చతికిలబడింది. టైర్లలో గాలి నిండుగానే ఉంది. మరి లోపం ఎక్కడ?

ఆ కారుకు వెనుక కమ్మరి కొలిమితిత్తి వంటి రబ్బరు గాలితిత్తులు రెండున్నాయి. బరువుకు కారు కుంగితే సెన్సరు కనిపెడుతుంది. అప్పుడు విద్యుత్ పంపు తిత్తులలో గాలి నింపి కారును సమం చేస్తుంది.

"పంపు పోయింది, వేలు ఖర్చు!" అని డ్రైవరు బెంగపడ్డాడు. మెకానిక్కు తొందరపడలేదు. ఒకవైపే కుంగితే ఆ వైపు తిత్తిని అనుమానించాలి. ఇక్కడ రెండువైపులా కుంగింది; పంపు చప్పుడూ లేదు. కనుక పంపుకు విద్యుత్తు అందడం లేదేమోనని ముందు ఫ్యూజు చూశాడు. అది కాలిపోయింది!

వెంటనే కొత్తది వేశాడా? లేదు. ఫ్యూజు ఊరికే కాలదు. తీగ వెంట వెతికితే, ఒకచోట పైతొడుగు ఒరిసిపోయి లోపలి రాగి ఇనుమును తాకుతున్నది. అక్కడ టేపు చుట్టి, మునుపటి ఆంపియర్ల ఫ్యూజే పెట్టాడు. పంపు గుర్రుమన్నది, కారు మెల్లగా లేచింది. అవ్వ ఆసుపత్రికి బయలుదేరింది.

ఫ్యూజుకు బదులు లావుపాటి తీగ పెట్టి ఉంటే, వేడెక్కి కారే అంటుకునేది. చిన్న ఫ్యూజు తాను కాలి మనల్ని కాపాడుతుంది. అది ఎందుకు కాలిందో తెలుసుకోవడం మన పని!